అమ్మ ఉడికించని గోధుమలు

అయా మరీనా, కాసోస్ దీవి
ఫిబ్రవరి 12, 1979

చిరంజీవి సెవాస్తికి,

మీ వదిన స్మరాగ్ద దీవించి రాస్తున్న ఉత్తరం. ఇన్నాళ్లూ కాఫీ కొట్టులోని ఫోనుతోనే నెట్టుకొచ్చాం. ఇవాళ కలం పట్టడానికి కారణం ఆ ఫోనే. నేను రిసీవరు చెవిన పెట్టుకోగానే అక్కడ పేకాట ఆగిపోతుంది. వాళ్లది కుతూహలం కాదు పాపం. మినాస్ కబురేమైనా తెలిసిందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. అంతమంది ఊపిరి బిగబట్టిన చోట ఈ మాట అడగలేకపోయాను. హైస్కూలు వదిలాక నేను ఉత్తరాలు రాసింది తక్కువ. తప్పులుంటే సర్దుకో.

నిన్న ఫాదర్ లెఫ్తేరిస్ ఇంటికి వచ్చారు. పోయినవాళ్లను తలుచుకునే ఆత్మల శనివారం దగ్గర పడుతోంది. స్టామాతిస్ తల్లి, లాజరోస్ భార్య తమ వాళ్ల పేరున గోధుమలు ఉడికించి చర్చికి తేవడానికి ఒప్పుకున్నారట. ముగ్గురూ ఒకే ఓడలో వెళ్లిన ఊరి పిల్లలు కాబట్టి ముగ్గురికీ కలిపి ప్రార్థన చేద్దామని ఆయన ఉద్దేశం. గుమ్మంలోనే నిలబడి, టోపీ చేతుల్లో తిప్పుకుంటూ మెల్లగా చెప్పారు. అమ్మ చిక్కుళ్లు ఒలుస్తోంది. తలెత్తలేదు.

"ఎవరి పేరున, ఫాదర్?"

"మన మినాస్ పేరునమ్మా."

"మినాస్ పోయాడని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదనుకో. కానీ బిస్కే అఖాతంలో ఆ తుఫాను... ఓడ నుంచి మాట ఆగిపోయి రెండు నెలలు దాటింది కదా..."

"ఎవరూ చెప్పలేదు కదా. అయితే ఈ చిక్కుళ్లు కాసిని పట్టుకెళ్లండి. లేతగా ఉన్నాయి."

ఆయన చిక్కుళ్లు తీసుకుని వెళ్లిపోయారు.

అమ్మ ఏమనుకుంటోందో నాకు తెలియడం లేదు. నాన్న పోయినప్పటి నుంచీ నల్లబట్టల్లోనే ఉంది, కాబట్టి బట్టలను బట్టి కూడా ఏమీ పోల్చుకోలేం. ఊళ్లోవాళ్లూ తికమకపడుతున్నారు. పరామర్శించడానికి లేదు, ధైర్యం చెప్పడానికీ లేదు. అందుకని చేతులతోనే మాట్లాడుతున్నారు. మన చెలక ఎవరో దున్ని వెళ్లారు. ఎవరని అడిగితే అందరూ ఇంకొకరి పేరు చెబుతున్నారు. పొద్దున కిటికీ గట్టు మీద రొట్టె ఉంటుంది, ఇంకా వెచ్చగా. పక్కింటి ఫ్రోసో పిన్ని రోజూ వచ్చి అమ్మతో ఏదో ఒక పనికిమాలిన గొడవ పెట్టుకుని పోతోంది. ఆ గొడవ లేని రోజు అమ్మ అన్నం ముట్టదు.

నేను అక్కనే, నువ్వు మినాస్ భార్యవి. ఈ గోధుమల విషయంలో నీ మాటే చెల్లాలి. ఏం చెయ్యమంటావు?

మరియ తల్లి నిన్ను తన కొంగు కింద దాచుగాక.

స్మరాగ్ద

*

పిరేయస్
ఫిబ్రవరి 18

వదినా,

వద్దు. ఉడికించనివ్వకండి.

నేను రోజూ ఓడ కంపెనీ ఆఫీసుకు వెళ్తున్నాను. బెంచీ మీద కూర్చుంటాను. మిగతా నావికుల భార్యలూ వస్తారు. ఒకామె అప్పుడే నల్ల రుమాలు కట్టింది. ఆమె పక్కన కూర్చోవడానికి ఎవరికీ మనసొప్పడం లేదు, నాకు కూడా. నేను మాత్రం ఆయన కొనిచ్చిన నీలం రుమాలే కట్టుకుని వెళ్తున్నాను. నేను నలుపు కట్టుకున్న రోజున ఆఫీసువాళ్లు హాయిగా ఊపిరి పీల్చుకుని తలుపు మూసేస్తారు. అది జరగనివ్వను.

ఇంకో సంగతి ఉంది. మీకు మాత్రమే. నాకిప్పుడు ఆరో నెల. ముందు రెండూ నిలవలేదు కదా, అందుకే ఈసారి దిష్టి తగులుతుందని ఎవరికీ చెప్పలేదు. అత్తమ్మకు కూడా చెప్పకుండానే ఇక్కడికి పడవెక్కాను. ఆయనకు తెలుసు. ఆంట్‌వెర్ప్ నుంచి ఫోను చేసినప్పుడు చెప్పాను. దానికి ఆయన ఏమన్నారో ఇప్పుడు రాయలేను.

మా అక్క బాగానే చూసుకుంటోంది. ఉన్నవి రెండు గదులే అయినా కిటికీ ఉన్న గది నాకిచ్చింది. తినమని వెంటపడుతుంది, తింటున్నాను.

అత్తమ్మకు అప్పుడే చెప్పకండి.

సెవాస్తి

*

అయా మరీనా
మార్చి 1

నా తల్లీ సెవాస్తీ,

నీ ఉత్తరం చదివి ప్రతిమల ముందు మోకరిల్లాను. ఏడవాలో కృతజ్ఞత చెప్పాలో తెలియక రెండూ చేశాను. నీ మాట ప్రకారం అమ్మకు చెప్పలేదు. ఆ సంగతి చివర రాస్తాను. ముందు శనివారం సంగతి.

చనిపోయినవాళ్ల గోధుమ పళ్లాన్ని మన అమ్మలా అలంకరించేవాళ్లు ఈ ఊళ్లో లేరని నీకు తెలుసు కదా. చక్కెరను కాగితంతో అదిమి నున్నగా చెయ్యడం, వెండిరంగు మిఠాయి పూసలతో సిలువ దిద్దడం, బాదంపప్పులతో పేరులోని మొదటి అక్షరం పేర్చడం, అన్నీ ఆ చేతులే. ఎవరింట్లో చావొచ్చినా పళ్లెం మన వంటింట్లోకే వస్తుంది. స్టామాతిస్ తల్లి, లాజరోస్ భార్య శుక్రవారం మన గుమ్మం దాకా వచ్చి లోపలికి రాలేక నిలబడిపోయారు. తమ పళ్లేలకు తెల్లగుడ్డలు కప్పి పట్టుకున్నారు. ఏమని అడుగుతారు? అమ్మే బయటికొచ్చింది.

"చేతులు పడిపోతాయి, లోపల పెట్టండి. చక్కెర జల్లెడ పట్టారా, ఇప్పుడు నాతో పట్టిస్తారా?"

కూర్చుని రెండు పళ్లేలూ సిద్ధం చేసింది. స్టామాతిస్ అక్షరం దగ్గర కాస్త ఆగి, "వాడికి బాదంపప్పంటే ఒళ్లు తెలిసేది కాదు. మా చెట్టెక్కి కొమ్మ విరగ్గొట్టాడు దొంగ వెధవ," అంటూ ఇంకో వరస ఎక్కువ పెట్టింది. ఆ తల్లి నవ్వబోయి కొంగు నోట్లో కుక్కుకుంది. తన కొడుకుతో కలిసి ఓడెక్కిన పిల్లల అక్షరాలను అమ్మ తన చేత్తోనే పేర్చింది, సెవాస్తీ. నేను చూడలేకపోయాను.

అవయ్యాక బల్ల చివర మూడో పళ్లెం కనిపించింది. ఫ్రోసో పిన్ని తెచ్చి పెట్టింది. చక్కెర అదిమి ఉంది, పైన ఏమీ లేదు.

"ఇదెవరిది?"

"ఎవరిదీ కాదక్కా. గోధుమలు కాస్త ఎక్కువయ్యాయి."

"అబద్ధం ఆడటం ఈ వయసుకైనా నేర్చుకోలేకపోయావే ఫ్రోసో!"

అని గరిటె తీసి ఆ నున్నని చక్కెర మధ్యలో దించింది. గోధుమలు గిన్నెల్లోకి తోడి, వేడిపాలు పోసి, అందరి ముందూ పెట్టింది. "చర్చికి వెళ్లేదాకా ఇవి వట్టి గోధుమలే. తినండి. ఉపవాసాలు రాబోతున్నాయి, మళ్లీ పాలు దొరకవు." మేమంతా తిన్నాం. స్టామాతిస్ తల్లి కూడా తింది. ఆమె చాలా రోజుల తరవాత ముద్ద మింగిందని లాజరోస్ భార్య నా చెవిలో చెప్పింది.

శనివారం చర్చిలో ఫాదర్ రెండు పేర్లే చదివారు. అమ్మ వెనక వరసలో నిటారుగా నిలబడింది.

ఆ సాయంత్రం సముద్రం వైపు కిటికీలో దీపం వెలిగిస్తూ అమ్మ అడిగింది: "ఆ పిల్లకి ఎన్నో నెల?" "సెప్టెంబరులో చేపల బుట్ట చూసి వాకిట్లోకి పరిగెత్తింది. నేను పిల్లల్ని కనలేదూ?" తెల్ల ఊలు లేదు కదా, బిడ్డకు మినాస్ పాత స్వెట్టరు విప్పి అల్లుదామా అన్నాను. నా వైపు ఎలా చూసిందంటే, నేను దొంగతనం చేస్తుంటే పట్టుకున్నట్టు. "వాడొచ్చి ఏం తొడుక్కుంటాడు?"

ఊలు ఫ్రోసో పిన్ని తెచ్చింది. గొడవ పెట్టుకునే తెచ్చింది.

స్మరాగ్ద

*

పిరేయస్
ఏప్రిల్ 8

వదినా,

మీకు రాయకూడదనుకుని దాచినది ఇవాళ రాస్తున్నాను.

ఆఫీసులో కాఫీ ఇచ్చే ముసలాయన మొదట్లో ప్రతిసారీ అడిగేవాడు, "తీపి ఎంతమ్మా?" అని. ఎక్కువే వెయ్యమనేదాన్ని. ఫిబ్రవరిలో, నేను మీకు మొదటి ఉత్తరం రాసిన వారమే, ఆయన అడగకుండా కాఫీ తెచ్చి నా పక్కన పెట్టి, కళ్లు దించుకుని వెళ్లిపోయాడు. చక్కెర లేదు. పక్కన చిన్న రస్కు ముక్క. చావింటి కాఫీ. అటు చూస్తే బెంచీ మీద అందరి చేతుల్లోనూ అదే. లోపల పెద్దవాళ్లు మాత్రం "ఆశ వదులుకోకండి" అంటూనే ఉన్నారు. తాగాను, వదినా. వెనక్కివ్వడానికి ధైర్యం చాల్లేదు.

మొన్న సోమవారం పిలిచి చెప్పారు. ఫ్రాన్సు తీరంలో ఒక రక్షక పడవ దొరికిందట. పక్కన 'థియోస్కెపాస్తి' అని మన ఓడ పేరుంది. ఖాళీగా ఉంది. తాళ్లు ఎవరూ విప్పలేదట, తెగిపోయి ఉన్నాయట. అంటే దాంట్లోకి ఎవరూ ఎక్కనే లేదు.

నేను ఏడవలేదు. కడుపులో వాడు ఒకటే తన్నడం. నీలం రుమాలు ఇంకా తియ్యలేదు. ఎందుకని మా అక్క అడిగితే అలవాటైపోయిందన్నాను.

పడవ సంగతి అత్తమ్మకు చెప్పాలో వద్దో మీరే చూసుకోండి. నాకు చేతకావడం లేదు.

సెవాస్తి

*

అయా మరీనా
ఏప్రిల్ 26

సెవాస్తీ తల్లీ,

క్రీస్తు లేచాడు. ఈ ఈస్టరు పలకరింపు నీకెలా రాయనా అనుకున్నాను, అయినా రాశాను. మనకు ఉన్నది ఈ మాటే.

పడవ సంగతి నేను చెప్పలేదు. చెప్పాలని రెండుసార్లు అమ్మ దగ్గర కూర్చున్నాను. రెండుసార్లూ ఏదో పని పురమాయించింది.

పండక్కి పెద్ద చిక్కొచ్చింది. చావొచ్చిన ఇంట్లో ఈస్టరుకు గుడ్లకు ఎర్రరంగు వెయ్యరు, ఊరే తెచ్చిస్తుంది. మనది ఏ ఇల్లో తేలక, మనకు తేవాలో అక్కర్లేదో ఊరికి అర్థం కాలేదు. ఎవరికి వారే ఆలోచించి, అమ్మకు కోపం రాకుండా ఒక్కొక్క గుడ్డు దాచి తెచ్చారు. ఒకరు ఆకుకూర కింద, ఒకరు జున్నుగుడ్డలో, కాఫీ కొట్టాయన ఏకంగా జేబులో. ఇక్కడ చూస్తే అమ్మ పెద్ద గురువారం పొద్దున్నే తన గుడ్లు తాను ఎర్రరంగులో ముంచి బల్ల మీద ఆరబెట్టింది. సాయంత్రానికి ఇల్లంతా ఎర్రగుడ్లే.

"ఏమే, ఊరంతా మనకి గుడ్లు పంచుతోంది? మన కోళ్లు చచ్చాయనుకున్నారా?"

ఫ్రోసో పిన్ని ఊరుకోలేదు. "నీ కోడి గుడ్లు గోళీలంత ఉంటాయని జాలిపడ్డార్లే." అమ్మ నవ్వింది. డిసెంబరు తరవాత ఆ నవ్వు ఇప్పుడే విన్నాను. తరవాత అన్నీ బుట్టలోకెత్తి, స్టామాతిస్ ఇంటికీ లాజరోస్ ఇంటికీ తనే మోసుకెళ్లింది.

ఒకటి మాత్రం రాయాలి. ఇదివరకు పిరేయస్ పడవ వచ్చిన రోజు, ఉత్తరం ఉందా అని అడిగేది. నీ ఏప్రిల్ ఉత్తరం వచ్చిన రోజు నా ముఖం చూసి, అడగకుండా కోళ్లకు మేత వెయ్యడానికి వెళ్లిపోయింది. అప్పటి నుంచీ అడగడం లేదు.

నీ ఒళ్లు జాగ్రత్త. తీపి కాఫీ తాగు. ఇంట్లో, మీ అక్క చేత్తో.

స్మరాగ్ద

*

పిరేయస్
జూన్ 10

వదినా,

ఫోనులో చెప్పాను కదా, బాబు. ఆసుపత్రి నుంచి వచ్చేశాను. జుట్టు బాగా ఉంది. ఆకలేస్తే ముందు పిడికిళ్లు చూసుకుని, తరవాత ఏడుస్తాడు. బాప్తిస్మం అయ్యేదాకా పేరుండదు కాబట్టి అందరూ 'బాబు' అంటున్నారు. నేను అసలు ఏమీ పిలవడం లేదు. పిలవాలనుకున్న పేరు నోటి దాకా వచ్చి ఆగిపోతోంది.

ఆంట్‌వెర్ప్ ఫోనులో ఆయన ఏమన్నారో ఇప్పుడు చెప్తాను. కొడుకైతే ఏం పేరని అడిగాను, సరదాకే. "మా నాన్న పేరు, సావాస్, ఇంకేముంటుంది? నా పేరు పెట్టాలంటే ముందు నేను మునగాలి కదే!" అని పెద్దగా నవ్వారు. నేనూ నవ్వాను. లైను కట్టయింది. అదే చివరి మాట. నవ్వాను వదినా, ఆ మాటకు నవ్వాను.

తండ్రి బతికుండగా కొడుక్కి తండ్రి పేరు పెట్టరు. నాకు తెలుసు. మినాస్ అని పెడితే నా నోటితో నేనే ఆయన్ని పాతిపెట్టినట్టు. సావాస్ అని పెడితే జీవితమంతా గుమ్మం వైపు చూస్తూ కూర్చోవాలి, వాడు కూడా. రెండు పేర్లూ కలిపి పెట్టెయ్యమంది అక్క. సగం బతికున్నట్టూ, సగం పోయినట్టూనా? వద్దన్నాను. నాకు ఆ పేరు రోజూ పిలవాలని ఉంది. కూడుకు పిలవాలి, స్నానానికి పిలవాలి, అల్లరి చేస్తే తిట్టాలి. ఇది తప్పేమో నాకు తెలియదు.

జ్ఞానస్నానపు తల్లిగా మీరే ఉండండి. తొట్టి దగ్గర పేరు చెప్పవలసింది మీరే. అత్తమ్మ పడవ ప్రయాణం చెయ్యలేరు. మీరు ఏ పేరు చెప్పినా నేను కాదనను. నా వల్ల కావడం లేదు, అందుకే మీ మీద పెడుతున్నాను.

సెవాస్తి

*

అయా మరీనా
సెప్టెంబరు 17

నా తల్లీ,

క్షేమంగా చేరాను. సముద్రం నెమ్మదిగానే ఉంది. నీ దగ్గర వారం రోజులున్నా చెప్పలేకపోయినవి ఇందులో రాస్తున్నాను. నా నోరు ఎప్పుడూ ఇంతే, వెనకబడి నడుస్తుంది.

నేను బయల్దేరేటప్పుడు అమ్మ రేవు దాకా వచ్చింది. "సావాస్ అని చెప్పు. తాత పేరు. నువ్వు ఇంకో పేరు చెప్పావంటే, వచ్చి ఆ పేరు నాకు చెప్పద్దు," అంది. ఈ మాట నీ దగ్గర దాచాను. నువ్వు బిడ్డకు పాలిస్తూ నా ముఖం వైపు చూసినప్పుడల్లా తల తిప్పుకున్నది అందుకే.

తొట్టి దగ్గర అక్కడి ఫాదర్ "ఏం పేరు?" అని అడిగినప్పుడు నా నోట్లో ఉన్నది సావాస్ అన్న పేరే. అమ్మ మాట దాటడం నాకు ఈ వయసులోనూ తెలియదు. పేరు పలికేదాకా తల్లి బయటే ఉండాలి కదా, నువ్వు తలుపవతల నిలబడ్డావు. తలుపు తెరిచే ఉంది. నువ్వు నీలం రుమాలు విప్పుతున్నావు. ఎవరూ చూడటం లేదనుకున్నావు. విప్పి, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకుని, ఉత్త తలతో ఎండలో నిలబడ్డావు. నేను చూశాను, సెవాస్తీ. అప్పుడు నా నోటి నుంచి 'మినాస్' అని వచ్చింది. మూడుసార్లూ అదే. పేరు తల్లికి ముందుగా చేరవెయ్యాలని పిల్లలు "మినాస్! మినాస్!" అని అరుస్తూ నీ దగ్గరికి పరిగెత్తారు. నువ్వు మెట్టు మీద కూర్చున్నావు. నేను చేసింది మంచో చెడో ఆ దేవుడే చెప్పాలి.

ఇక్కడ రేవులో దిగితే ఎవరూ ఏమీ అడగలేదు. ఫ్రోసో పిన్ని నా సంచి లాక్కుని, "ఇందులో రాళ్లేసుకొచ్చావా?" అని తిడుతూ ముందు నడిచింది. అమ్మ వాకిట్లో అత్తిపళ్లు ఆరబెడుతోంది.

"నీళ్లు తగలగానే ఏడ్చాడా?"

"ఏడ్చాడమ్మా. చర్చి దద్దరిల్లిపోయింది."

"వాడూ అంతే," అంది.

ఎవరని నేను అడగలేదు. పేరేమిటని తను అడగలేదు. ఆ పూట అంతా అత్తిపళ్ల గురించే మాట్లాడుకున్నాం.

మర్నాడు, శుక్రవారం, నేను నీళ్లకు వెళ్లి వస్తుంటే సందు మొదట్లోనే వాసన తగిలింది. గోధుమలు ఉడుకుతున్న వాసన. నా బిందె తొణికింది. ఇంట్లో అమ్మ గోధుమలు వార్చి గుడ్డ మీద పరుస్తోంది. నేను వచ్చాక గోధుమలు నానబెట్టడం చూడలేదు, అంటే నేను పడవ దిగక ముందే నానబెట్టి ఉండాలి. నేనేం చెబుతానో తనకు ముందే తెలుసా, లేక ఎలాగూ ఉడికించాలనుకుందా? అడగలేదు. ఇక అడగను కూడా.

దానిమ్మ గింజలు, కిస్మిస్, దాల్చినచెక్క అన్నీ కలిపింది. చక్కెర అదిమింది. వెండి పూసలతో సిలువ దిద్దింది, చుట్టూ ఆకులల్లిక. ఎన్నో ఏళ్లుగా ఎందరికో చేసినట్టే, ఏ లోటూ లేకుండా చేసింది. మధ్యలో ఖాళీ ఉంచి, బాదంపప్పుల గిన్నె నా ముందుకు తోసింది.

"అక్షరం నువ్వు పెట్టు. నాకు కళ్లు ఆనడం లేదు."

సన్న సూదిలో ఇప్పటికీ తనే దారం ఎక్కిస్తుంది, నీకు తెలుసు కదా. నేను కూర్చుని మన మినాస్ అక్షరం పేర్చాను. నాకు ఆ పని రాదు. అక్షరానికి ఒక కాలు వంకరపోయింది. అమ్మ చాలాసేపు చూసింది. తరవాత చిటికెనవేలితో ఒకే ఒక్క పప్పును, చివరి దాన్ని, కొంచెం లోపలికి జరిపింది. ఆ వేలు తీసి నోట్లో పెట్టుకుంది, చక్కెర అంటినందుకో మరెందుకో. "ఇప్పుడు సరిగ్గా ఉంది," అంది.

శనివారం చర్చి నిండిపోయింది. ఎవరికీ కబురు చెయ్యలేదు. స్టామాతిస్ తల్లి, లాజరోస్ భార్య అమ్మకు చెరోపక్కా నిలబడ్డారు. ఫాదర్ పేరు చదివినప్పుడు వాళ్లిద్దరి చేతులు అమ్మ మోచేతుల కిందికి వెళ్లాయి. అమ్మ పడిపోలేదు. అవసరం లేదన్నట్టు చేతులు విదిలించుకోనూ లేదు. ఇంటికొచ్చాక ఊరంతా మన ఇంట్లో చక్కెర లేని కాఫీ తాగింది. నేనూ తాగాను, నిన్ను తలుచుకుని.

ఇక్కడితో ఆపెయ్యాలి, కానీ ఒకటి ఉంది. సముద్రం వైపు కిటికీలో అమ్మ డిసెంబరు నుంచీ పెడుతున్న దీపం నీకు తెలుసు. శనివారం సాయంత్రం ఇక పెట్టదనుకుని నేను దాన్ని కడిగి బోర్లించాను. చూసేసరికి మళ్లీ కిటికీలో వెలుగుతోంది. నిన్నా వెలిగింది. ఇప్పుడు ఇది రాస్తుంటే నా పక్కనే వెలుగుతోంది. గోధుమలు ఉడికించిన చేతులే నూనె పోస్తున్నాయి. ఫాదర్ చూస్తే ఏమంటారో, శాస్త్రం ఏమంటుందో నాకు తెలియదు. నేను ఆర్పను.

స్వెట్టరు కూడా పెట్టెలోనే ఉంది. విప్పలేదు.

ఈ కాగితాలు నీ దగ్గరే ఉంచుకో. మీ అక్కకు కూడా చూపించకు. పోయాడని ఒప్పుకుని కూడా దీపం పెడుతోందంటే, వినేవాళ్లు మా అమ్మకు మతి తప్పిందనుకుంటారు. వాడు పెద్దవాడై తన పేరు ఎందుకు వచ్చిందని అడిగినా, నోటితో చెప్పు, ఇవి చూపకు. నేనూ అమ్మా పోయాక, నీకు కష్టంగా ఉన్న రోజున ఒక్కదానివే తీసి చదువుకో. తరవాత మళ్లీ దాచెయ్యి.

చిన్న మినాస్‌ను అడిగానని రాయమంది అమ్మ. పేరు పెట్టే అడిగింది.

మీ వదిన
స్మరాగ్ద